గడ్డ తవ్వినోళ్లు గుంత పూడ్చి పోతరు

(నల్లమల పెంటలు, దేవరకొండ దిక్కు తండాల యువత కలిసి కూర్చున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా ఇస్తున్నాం.)

పెంటల నుంచి పొద్దుగాలనే నడిచి వచ్చిన అవ్వలకు, అక్కలకు, తండాల నుంచి రెండు బస్సులు మారి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, మన వెంట నిలబడుతున్న మిత్రులకు జై ఆదివాసీ.

ఆధునిక టెక్నాలజీతోటి మనకు జరుగుతున్న నష్టం మీద మాట్లాడమని నన్ను పిలిచిన్రు. ఇందాక చాయ్ తాగేటప్పుడు ఒక తమ్ముడు నవ్వుకుంట అడిగిండు: "అన్నా, టెక్నాలజీ మంచిది కాదని మైకు పట్టుకునే చెప్తవా?" అని. మంచిగ అడిగిండు. ఆ ప్రశ్నతోనే మొదలుపెడత.

అవును తమ్ముడూ, మైకు పట్టుకునే చెప్త. నా జేబుల ఫోన్ ఉంది. నా బిడ్డకు టీకాలన్నీ వేయించిన. మా పెంటకు సోలార్ లైటు వచ్చినంక రాత్రిపూట పాము కనపడుతుంది, పిల్లలు పుస్తకం తెరుస్తున్నరు. ఇవన్నీ సైన్సు ఇచ్చినవే. సైన్సు వద్దు, మళ్ల వెనక్కి పోదాం అని చెప్పడానికి నేను రాలేదు. మనం వెనక్కి పోవాలని కోరుకునేటోళ్లు వేరే ఉన్నరు. మనల్ని ఫోటోలు తీసి గోడకు పెట్టుకునేటోళ్లు. మనం అడిగేది వేరు. ఒక యంత్రం మన నేల మీదకు వచ్చినప్పుడు, దాన్ని రమ్మన్నది ఎవరు? లాభం ఎవరికి? అది చెడితే మోసేది ఎవరు? బాగుచేసేది ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలు అడిగితేనే "అభివృద్ధికి అడ్డం పడుతున్నరు" అంటరు. ఈ ప్రశ్నలు నేను యూనివర్సిటీల నేర్చుకోలేదు. మా అవ్వ దగ్గర నేర్చుకున్న.

మా అవ్వ అడవిల గడ్డలు తవ్వేది. చిన్నప్పుడు ఆమె వెంట పోయేటోణ్ణి. గడ్డ మొత్తం పీకనియ్యకపోయేది. తీగ అంటిన తలభాగం కోసి, మళ్ల అదే గుంతల పెట్టి, మట్టి కప్పి, కాలితోటి అదిమి అప్పుడు లేచేది. నాకు ఆకలి, ఆమెకు ఓపిక. "ఎందుకవ్వా?" అంటే, "వచ్చే యాడాది నువ్వు ఏం తింటవురా?" అనేది. తేనె తీసేటోళ్లు కూడా అంతే. పట్టు మొత్తం పిండరు, ఈగల వంతు ఈగలకు ఇడుస్తరు. తవ్వుడు మనకు కొత్త కాదు. గునపం కూడా ఒక టెక్నాలజీనే. కాకపోతే మనం గుంత పూడ్చి పోతం. ఇయ్యాల నేను మాట్లాడేది గుంత పూడ్చకుండ పోయేటోళ్ల గురించి.

మొదటి ముచ్చట నల్లగొండది. తండాల తమ్ముళ్లకు ఇది తెల్వంది కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు, చిన్నతనంలనే ముసలితనం చూసిన్రు. అక్కడి రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. అది మనిషి పెట్టింది కాదు. అయితే చెరువులు పూడిపోయి, బావులు ఎండిపోయినకొద్దీ బోరు మీద పడ్డరు. నూరు అడుగులల్ల పడకపోతే రెండు వందలు, అక్కడా లేకపోతే నాలుగు వందలు. రాతి సందులల్ల ఏండ్లకేండ్లు నానిన నీళ్లు పైకి వచ్చినయి. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మన ఊర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తరాల పాటు తాగిన్రు.

ఇంకో విచిత్రం చూడండి. నాగపూర్‌లోని నీరి అనే సంస్థ పటిక, సున్నంతోటి నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టింది. దాని పేరు నల్లగొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల దాకా ఆ పేరు పోయింది, పుస్తకాలల్ల పాఠం అయింది. కానీ రోజూ కొలిచి పటిక కలపాలె, సున్నం కలపాలె, అడుగున పేరిన మడ్డి తీసి ఎక్కడనో పారబోయాలె. ఆ పని చేసే మనిషి ఎవరు, ఆయనకు జీతం ఎవరిస్తరు అన్న లెక్క చూడకపోతే టెక్నిక్ గొప్పదే గానీ నల్ల రాదు. పేరు ప్రపంచానికి పోయింది, నల్లగొండ బిడ్డలు కృష్ణ నీళ్ల కోసం కొట్లాడుకుంటనే ఉన్నరు. కాళ్లు వంగిన మనుషులు ధర్నాలకు, పాదయాత్రలకు, ఢిల్లీ దాకా పోయి చూపించుకుంటే గానీ నీళ్లు కదలలేదు. దీంట్ల నుంచి నేను తీసుకున్న పాఠం ఒకటే: లోతుకు పోయిన యంత్రం లోతుల ఉన్నదాన్ని పైకి తెస్తది. నీళ్ల కోసం పోయినా, నీళ్లతోపాటు ఇంకేం వస్తదో ముందు అడగాలె.

రెండో ముచ్చట అదే జిల్లాల, సాగర్ ఒడ్డున. లంబాపూర్, పెద్దగట్టు. అప్పటి పెద్దఅడిశర్లపల్లి మండలం. సాగర్ జలాశయం పక్కనే ఉన్న గుట్టలల్ల యురేనియం ఉందని కేంద్రం కింద పనిచేసే అణు ఖనిజాల సంస్థ తేల్చింది. తవ్వకానికి యురేనియం కార్పొరేషన్ ముందుకు వచ్చింది. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన్రు. రాయిని శుద్ధి చేసే ఫ్యాక్టరీ మొదట అక్కంపల్లి రిజర్వాయరుకు దగ్గర్ల పెడతమన్నరు, తర్వాత శేరిపల్లి దిక్కు జరిపిన్రు. 2005లో దానికీ విచారణ పెట్టిన్రు. అక్కంపల్లి అంటే ఏందో తెలుసు కదా? సాగర్ వెనుక నీళ్లు ఎత్తిపోసి అక్కడ నింపుతరు. అక్కడి నుంచి హైదరాబాదుకు తాగునీళ్లు పోతయి, నల్లగొండ ఫ్లోరైడ్ ఊర్లకూ పోతయి. అంటే బోరు నీళ్లతోటి కాళ్లు వంగిన మనుషులకు ఇచ్చే మందునీళ్ల పక్కనే కొత్త విషం గుంత తవ్వుతమన్నరు!

ఆ విచారణలల్ల తండాల అవ్వలు, రైతులు లేచి నిలబడ్డరు. వాళ్లకు ఇంగ్లీషు రాదు, రిపోర్టు వందల పేజీలు. పర్యావరణ కార్యకర్తలు, డాక్టర్లు, హక్కుల సంఘాలు వచ్చి ఆ రిపోర్టులల్ల ఏముందో చదివి చెప్పిన్రు. అది మరువొద్దు, చదువుకున్నోళ్ల పని అదే. కాగితం మీద అనుమతులు నడిచినా నేల మీద తవ్వకం మొదలుకాలేదు. కంపెనీ కడప జిల్లా తుమ్మలపల్లికి పోయింది.

మూడో ముచ్చట మనది. నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యం రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్ల పైన ఉంటది. 2019 మే 22న కేంద్ర పర్యావరణ శాఖ కింద ఉన్న అటవీ సలహా కమిటీ ఇక్కడ యురేనియం వెతకడానికి సూత్రప్రాయంగా సరే అన్నది. మొత్తం 83 చదరపు కిలోమీటర్లు. దాంట్ల 76 అమ్రాబాద్ దిక్కు, మిగిలిన 7 నల్లగొండ సాగర్ దిక్కు. సుమారు నాలుగు వేల బోర్లు వేస్తమన్నరు. "ఇది తవ్వకం కాదు, వెతుకులాట మాత్రమే" అన్నరు. నాలుగు వేల బోర్లు వెయ్యాలంటే మిషన్ పోవాలె, మిషన్ పోవాలంటే బాట వెయ్యాలె, బాట వెయ్యాలంటే చెట్టు పడాలె. వెతికినంక దొరికితే ఇడిచిపెడతరా? దావత్‌కు పిలవకుండనే ఇంట్లకు వచ్చి కుండలు తెరిచి చూసేటోడు తినకుండ పోతడా?

అప్పుడు అమ్రాబాద్, పదర, మన్ననూరు, అచ్చంపేట కదిలినయి. బందులు, ర్యాలీలు అయినయి. 'సేవ్ నల్లమల' అని సినిమా నటులు కూడా రాసిన్రు. మంచిదే, వాళ్లకూ జోహార్లు. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మనం గెలిచినమని పటాకులు కాల్చుకున్నం. కానీ తమ్ముళ్లారా, తీర్మానం చట్టం కాదు. అణు ఖనిజాలు రాజ్యాంగంల కేంద్రం జాబితాల ఉన్నయి. యురేనియం ఇంకా అదే రాతిల ఉంది. అంటే కొట్లాట ముగియలేదు.

"ఒక్క యురేనియం మీదనే ఎందుకన్నా ఇంత పట్టుదల? బొగ్గు తవ్వుతలేరా, సున్నపురాయి తవ్వుతలేరా?" అని అడుగుతరు. చెప్త, జర ఓపికగ వినండి.

మన దగ్గర దొరికే రాయిల యురేనియం చాలా పలుచన. టన్ను రాయి తవ్వి పిండిచేస్తే దొరికేది కిలో లోపే. మిగిలిన రాయంతా మెత్తటి బురద అయితది. దాన్ని పెద్ద చెరువు కట్టి అందుల పోస్తరు. టెయిలింగ్స్ పాండ్ అంటరు. అసలు సంగతి ఇక్కడ ఉంది. యురేనియం తీసుకుపోయినా, రాతిల ఉన్న మొత్తం రేడియోధార్మికతల నూటికి ఎనభై ఐదు పాళ్లు ఆ బురదలనే ఉంటది. దాంట్ల రేడియం ఉంటది. అది సగం తగ్గడానికే 1,600 ఏండ్లు పడుతది. దాంట్ల నుంచి రేడాన్ అనే వాయువు లేస్తది. వాసన ఉండదు, రంగు ఉండదు. ఊపిరితిత్తులల్లకు పోతే క్యాన్సర్ తెస్తది. పదహారు వందల ఏండ్లు ఆ కట్ట తెగకుండ, అడుగున ఊరకుండ చూసే కాంట్రాక్టర్ ఎవడన్న ఉన్నడా? పదిహేనేండ్ల కింద వేసిన రోడ్డే ఇయ్యాల కనపడుతలేదు.

ఇది భయపెట్టే మాట కాదు, జరిగిన ముచ్చటనే. జార్ఖండ్‌ల జాదూగూడ ఉంది. సంతాల్, హో ఆదివాసుల నేల. 1967 నుంచి అక్కడ యురేనియం కార్పొరేషన్ పనిచేస్తున్నది. 2006 డిసెంబర్ 25న బురద మోసుకుపోయే పైపు పగిలి వాగులకు పోయింది. అక్కడ పిల్లలు అవయవ లోపాలతోటి పుడుతున్నరని ఏండ్లుగా జనం మొత్తుకుంటున్నరు. డాక్టర్ల సంఘం ఒకటి పోయి సర్వే చేసి, దూరం ఊర్ల కంటె దగ్గరి ఊర్లల్ల ఈ బాధలు ఎక్కువ ఉన్నయని చెప్పింది. కంపెనీ కాదంటది. మన తెలుగు నేల మీద తుమ్మలపల్లి ఉంది. 2007లో పునాదిరాయి, 2012 నుంచి ఉత్పత్తి. బురద చెరువు దగ్గరి ఊర్ల రైతులు బోర్ల నీళ్లు చెడిపోయినయని, అరటి తోటలు పాడైనయని, ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నయని చెప్పుకున్నరు. కాలుష్య నియంత్రణ మండలి కూడా నోటీసు ఇచ్చింది. అక్కడా కంపెనీ మా వల్ల కాదంటది. గమనించండి, ప్రతిచోటా రుజువు చేసే భారం రోగం వచ్చినోడి మీదనే పెడతరు. నీళ్లు పరీక్ష చేసే మిషన్ మాత్రం కంపెనీ చేతిల ఉంటది.

అమెరికాల నవాహో ఆదివాసులకు కూడా ఇదే అయింది. 1979 జూలై 16న చర్చ్ రాక్ అనే చోట బురద చెరువు కట్ట తెగి, వాళ్లు గొర్లకు నీళ్లు పెట్టుకునే వాగులకు పోయింది. గని మూసి పోయినోళ్లు పోయిన్రు, ఐదు వందలకు పైగా పాడుబడ్డ గుంతలు మిగిలినయి. 2005లో నవాహోలు తమ నేల మీద యురేనియం తవ్వకమే నిషేధిస్తూ సొంత చట్టం చేసుకున్నరు. దేశం ఏదైనా, గని ఉన్న చోటు చూస్తే ఆదివాసీ గుడిసెలే కనపడతయి. యురేనియం మనల్ని వెతుక్కుంట రాలేదు. మన నేల మీద అయితే అడిగేటోడు ఉండడనే లెక్కతోటి వచ్చిన్రు.

ఇప్పుడు ఎదుటోళ్ల మాట కూడా నిజాయితీగా విందాం. "దేశానికి కరెంటు కావాలె. బొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతది. అణు విద్యుత్తుల పొగ ఉండదు" అంటరు. ఆ మాటల కొంత నిజం ఉంది. భూమి వేడెక్కితే ముందు దెబ్బ తినేది కూడా మనమే. ఇప్పపూలు, తునికాకు, తేనె కాలం తప్పితే మనకే తెలుస్తది. కానీ ఆ కరెంటు ఎవరి ఏసీకి పోతది, బురద ఎవరి వాగుల పడుతది? శ్రీశైలం డ్యామ్ కట్టిన్రు, సాగర్ కట్టిన్రు. ఈ కృష్ణ మన కాళ్ల కింద నుంచే పోతది. అయినా మన పెంటలల్ల లైటు వెలగడానికి ఎన్ని ఏండ్లు పట్టింది? దేశం కోసం త్యాగం చెయ్యాలంటే అందరం వంతులు వేసుకుందాం. ప్రతిసారి మన వంతే ఎందుకు వస్తది?

ఇంకో అబద్ధం గురించి చెప్పాలె. పులి కోసం మనల్ని అడవి ఇడిచి పొమ్మంటున్నరు. సార్లపల్లి, కుడిచింతలబైలు, వటవర్లపల్లి పేర్లు తరలింపు లెక్కలల్ల తిరుగుతున్నయి. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటరు. మనం కట్టె కొడితే పులికి ఇబ్బంది. నాలుగు వేల బోర్ల మిషన్లు రాత్రి పగలు తిరిగితే ఇబ్బంది లేదా? పులి అడుగు గుర్తుపట్టడానికి, ట్రాప్ కెమెరాలు కట్టడానికి అటవీ శాఖ మన చెంచు పిల్లల్నే వెంట తీసుకుపోతది. పులిని కాపాడేటప్పుడు మనం కావాలె, అడవిల ఉండేటప్పుడు వద్దు!

ఈ మధ్య దోమలపెంటల జరిగింది కూడా తలుచుకుందాం. 2025 ఫిబ్రవరి 22న ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలింది. నల్లమల కింద నలభై కిలోమీటర్ల పైన తొలిచే పని, పెద్ద బోరింగ్ మిషన్. ఎనిమిది మంది లోపల ఇరుక్కున్నరు. ఇద్దరి శవాలే బయటికి వచ్చినయి. కుక్కలను తెచ్చిన్రు, చేతులతోటి తవ్వే ర్యాట్ మైనర్లను తెచ్చిన్రు. అంత పెద్ద యంత్రం ఆగిపోయినకాడ చివరికి మనిషి చేతులే దిక్కయినయి. ఆ ఎనిమిది మందిల నలుగురు జార్ఖండ్ బిడ్డలు. నల్లగొండకు నీళ్లు కావాలె, ఆ సొరంగం ఆశయం నేను కాదనను. ఆ నీళ్ల కోసమే కదా ఫ్లోరైడ్ మనుషులు ఏడ్చింది. కానీ ఈ కొండ లోపల ఎన్ని ఊటలు ఉన్నయో, ఎక్కడ రాయి గుల్లగ ఉందో మన సలేశ్వరం నీళ్లు చూసినా తెలుస్తది. కొండను ఉత్త రాయి అనుకుంటే కొండ జవాబు చెప్తది. ఆ జవాబు ఇంజనీరింగ్ ఆఫీసుకు పోదు, షిఫ్టుల ఉన్న కూలోని నెత్తి మీద పడుతది.

పెద్ద యంత్రాల సంగతే కాదు, చిన్న యంత్రం సంగతీ ఒకటి చెప్త. మా అమ్మ జీవితమంతా జిగురు తీసింది, గడ్డలు తవ్వింది. వేళ్ల మీద గీతలు అరిగిపోయినయి. ఒకసారి రేషన్ కాడ వేలు పెడితే మిషన్ ఒప్పుకోలేదు. పది వేళ్లూ పెట్టింది. ముప్పై ఏండ్లుగా ఆమెను తెలిసిన మనిషే కౌంటర్ల కూర్చున్నడు. "నాకు నువ్వు తెలుసు అవ్వా, మిషన్‌కు తెల్వదు" అన్నడు. ఆ నెల బియ్యం రాలేదు. మా అమ్మ బయటికి వచ్చి తన వేళ్లు తానే చూసుకుంది, ఏదో తప్పు చేసినట్టు. నాకు ఇప్పటికీ మనసుల నుంచి పోనిది ఆ చూపు. పని చేసి అరిగిన వేళ్లను తప్పు అనే యంత్రం ఏదైనా, తప్పు యంత్రందే. అది చెప్పే ధైర్యం మనకు ఉండాలె.

సరే, ఇప్పుడు చెయ్యాల్సింది మాట్లాడుకుందాం. 2025 సెప్టెంబర్‌ల కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని. అర్థమైందా? పెద్దగట్టుల అవ్వలు లేచి నిలబడి "వద్దు" అన్న ఆ షామియానాను ఇప్పుడు వెయ్యనే వెయ్యరు. ఆ తలుపు మూసిన్రు. మనకు మిగిలిన తలుపు గ్రామసభ.

2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడుకునే అధికారం ఇచ్చింది. చెంచుల లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు అని వేరేగ రాసి ఉంది. పెంట ఒక్కటే కాదు, తేనె కొండ, గడ్డల చెలక, దేవుని బండ, వాగు అన్నీ దాంట్లకు వస్తయి. ఆ హక్కు ఇప్పించుకున్నమా? అడవిల ఉన్న తండాలకు కూడా సామూహిక హక్కులు వర్తిస్తయి. ఒడిశాల నియమగిరి మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలన్నది. డోంగ్రియా కోందుల పన్నెండు గ్రామసభలు కూర్చున్నయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నయి. బాక్సైట్ గని ఆగింది. వాళ్లేమీ మనకంటె ఎక్కువ చదువుకున్నోళ్లు కాదు.

అందుకని ఈ పనులు. ఒకటి, ఫోన్‌ల జీపీఎస్ ఉంది కదా, రీల్స్ చూసుడు కొంచెం తగ్గించి పెద్దమనుషుల వెంట నడవండి. ఏ వాగు, ఏ తేనె కొండ, ఏ దేవుని చోటు ఎక్కడుందో గుర్తులు పెట్టి పటం గీయండి. వాళ్ల టెక్నాలజీనే, పని మనది. రెండు, గ్రామసభల సగం మంది ఉండాలె, దాంట్ల మూడో వంతు ఆడవాళ్లు ఉండాలె. సంతకాలు తర్వాత తీసుకుందామంటే ఒప్పుకోవద్దు. మూడు, ప్రతి పెంట, ప్రతి తండా నీళ్లు ఇప్పుడే పరీక్ష చేయించి కాగితం దాచిపెట్టండి. రేపు నీళ్లు చెడితే "ముందు నుంచే ఇట్లున్నయి" అనకుండ. నాలుగు, చెంచు, లంబాడ అని మన మధ్య పుల్లలు పెట్టేటోళ్లు వస్తరు. మన మధ్య తేడాలు ఉంటే మనం కూర్చుని మాట్లాడుకుందాం. సాగర్ నీళ్లు చెడితే పెంటకు వేరే, తండాకు వేరే నీళ్లు ఉండవు. ఐదు, మన నుంచి సైంటిస్టులు కావాలె. భూగర్భశాస్త్రం చదవండి, డాక్టర్లు కండి. ఆ వందల పేజీల రిపోర్టు మన అవ్వకు మన భాషల చదివి చెప్పే బిడ్డ మన గుడిసెల నుంచే రావాలె.

మా అవ్వ ఇప్పుడు లేదు. మొన్న ఆమె తవ్విన చోటికి పోయిన. తీగ ఉంది, చెట్టుకు అల్లుకుని పచ్చగ ఉంది. కింద గడ్డ ఉంటది, నాకు తెలుసు. ఆమె కాలితోటి అదిమిన మట్టి అది. మన తర్వాత వచ్చేటోళ్లు మనం తవ్విన చోటికి వస్తే వాళ్లకు ఏం దొరకాలె? తీగ దొరకాలెనా, ముళ్లకంచె, అపాయం అని రాసిన బోర్డు దొరకాలెనా?

గుంత పూడ్చే తెలివి లేని సైన్సు సగం సైన్సే. మిగిలిన సగం మన దగ్గర ఉంది. దాన్ని తలొంచుకోకుండ చెప్పుదాం.

జల్, జంగల్, జమీన్ మనవి. జై ఆదివాసీ. జోహార్.